ఛానళ్లు పెరిగాయి సరే, అందులో మనుషులు పెరిగారా?

మీరు అడిగింది ఇదీ: “ఒకప్పుడు ఒక్క దూరదర్శనే ఉండేదట, ఇప్పుడు వందల ఛానళ్లున్నాయి. టీవీ కార్యక్రమాల్లో వైవిధ్యం ఇన్నేళ్లలో ఎలా మారింది? నిజంగా పెరిగిందా?” కాలేజీ ప్రాజెక్టు కోసమని కూడా రాశారు కాబట్టి తీరిగ్గానే చెబుతాను.

నేను ప్రొఫెసర్ని కాదు. 1985లో విశాఖపట్నంలో యాంటెన్నాలు బిగించే పనితో మొదలుపెట్టాను. 1993లో కేబుల్ లైన్ వేశాను. కంచరపాలెం, జ్ఞానాపురం, రైల్వే క్వార్టర్స్ వైపు పాతికేళ్లు నడిపి, మా అబ్బాయి బ్రాడ్‌బ్యాండ్‌లోకి మళ్లాక మానేశాను. ఏ ఇంట్లో ఎవరు ఏం చూస్తారో, ఏ ఛానల్ పోతే ఎవరు ఫోన్ చేస్తారో, అదే నా చదువు. కాబట్టి తెర ముందు కూర్చున్నవాళ్ల వైపు నుంచే చెబుతాను. ఒక మాట ముందే అనేస్తాను: ఛానళ్ల సంఖ్యకీ వైవిధ్యానికీ నాకు పెద్ద సంబంధం కనిపించలేదు. డబ్బు ఎవరిస్తున్నారు, లెక్కలోకి ఎవర్ని తీసుకుంటున్నారు, ఈ రెండూ మారినప్పుడల్లా తెర మీది మనుషులు మారారు.

దూరదర్శన్ ఢిల్లీలో 1959 సెప్టెంబరు 15న మొదలైంది. మన తెలుగు పల్లెల్లో టీవీ చూపించిన మొదటి పెద్ద ప్రయత్నం సైట్ అనే ఉపగ్రహ ప్రయోగం. 1975 ఆగస్టు నుంచి ఏడాది పాటు ఆరు రాష్ట్రాల్లో 2,400 ఊళ్లకి వ్యవసాయం, ఆరోగ్యం, బడి పాఠాలు పంపారు. ఆ ఆరింట్లో ఆంధ్రప్రదేశ్ ఒకటి. 1977లో హైదరాబాద్ కేంద్రం వచ్చింది. అయితే ఇవేవీ మా వీధి వాళ్ల జ్ఞాపకాల్లో లేవు. మాకు టీవీ అంటే 1984 తర్వాతే. ఆ ఏడాది దేశంలో రోజుకో ట్రాన్స్‌మిటర్ పెట్టారని చెప్పుకునేవాళ్లు. ఆ చిన్న ట్రాన్స్‌మిటర్లు ఢిల్లీ నుంచి వచ్చింది వచ్చినట్టు పట్టి వదిలేవి. అంటే టీవీ వచ్చింది గానీ హిందీలో వచ్చింది.

1987 జనవరి 25న రామాయణం మొదలైంది, ఆదివారం పొద్దున. అప్పుడు నేను విశాఖలో సముద్రం ఒడ్డున జాలర్లుండే పెదజాలారిపేటలో ఒకరింటి మీద యాంటెన్నా సరిచేస్తుండేవాణ్ణి, దాదాపు ప్రతి ఆదివారం, ఎందుకంటే సముద్రం గాలికి అది వారానికోసారి పక్కకి తిరిగేది. పేట మొత్తానికి మూడో నాలుగో టీవీలు. ఆ ఇంటి అరుగు మీద, ఇసకలో, కిటికీ చువ్వలకి వేలాడుతూ ఓ డెబ్బై మంది. డాక్‌యార్డులో పనిచేసే ఒకాయనకి హిందీ వచ్చు. ఆయన టీవీ పక్కనే నిలబడి ఒక్కో మాటా తెలుగులో చెప్పేవాడు. కైక వరాలు అడిగిన రోజు ఆయన చెప్పడం ఆపేసి ఏడుస్తూ కూర్చున్నాడు. వెనకనుంచి ఒక ముసలమ్మ, “ఏటైందిరా, ఏటడిగినాదో సెప్పు ముందు, తరవాత ఏడుద్దువు” అని కేకేసింది. కథ తెలియక కాదు. ఆమెకి తన మాటలో వినాలనుంది.

ఇప్పుడు చాలామంది “అబ్బో, దూరదర్శన్ రోజులే స్వర్ణయుగం” అంటారు. నేను సగమే ఒప్పుకుంటాను. ఒప్పుకునే సగం ఇదీ. ఆదివారం మధ్యాహ్నం మలయాళం, బెంగాలీ, అస్సామీ, కన్నడ సినిమాలు కింద ఇంగ్లీషు అక్షరాలతో వేసేవారు. సగం మంది నిద్రపోయేవాళ్లు, నిజమే. కానీ అస్సాంలో ఇళ్లు ఎలా ఉంటాయో, కేరళలో అన్నం ఎలా తింటారో మా వీధి చూసింది అక్కడే. 1985లో రజని అని, గ్యాస్ బండ వాడితో, ఆఫీసు గుమస్తాతో పోట్లాడే గృహిణి కథ. 1989లో ఉడాన్ అని, పోలీసు ఆఫీసరైన అమ్మాయి కథ. 1987లో చెవులు వినిపించనివాళ్ల కోసం ఆదివారం సైగల వార్తలు మొదలయ్యాయి. ఈనాటికీ ఏ తెలుగు సీరియల్ పక్కనా సైగలు చేసే మనిషి నాకు కనబడలేదు.

ఒప్పుకోని సగం: ఆ వైవిధ్యం అంతా ఢిల్లీ వడ్డించిన విస్తరి. రైతు తెర మీద కనిపిస్తే పాఠం వింటూ కనిపించేవాడు, తను చెప్పేది తక్కువ. జాలరి కనిపిస్తే డాక్యుమెంటరీలో, వెనక ఎవరో సంస్కృతం కలిపిన తెలుగులో ఆయన బతుకు ఆయనకే వివరిస్తూ. హైదరాబాద్ తెలుగు కార్యక్రమాలు మాకు అందడం మొదలయ్యాక కొంత మారింది. సినిమా పాటల చిత్రలహరి కోసం శుక్రవారం వీధులు ఖాళీ అయ్యేవి. ధర్మవరపు సుబ్రహ్మణ్యం ఆనందోబ్రహ్మలో మన ఇళ్లల్లో మాట్లాడే వెటకారం మొదటిసారి టీవీలో విన్నాం. ఋతురాగాలు సీరియల్ వచ్చాక ఆడవాళ్లు వంటలు ముందే ముగించుకోవడం మొదలైంది.

1991లో స్టార్ టీవీ, 1992 అక్టోబరులో జీ. అక్కడి నుంచి నా సంగతి. మేడ మీద పన్నెండు అడుగుల జాలీ డిష్, కింద చిన్న గది. దాన్ని మేం కంట్రోల్ రూమ్ అనేవాళ్లం, పేరుకే గొప్ప, నిజానికి మేకల షెడ్డు. ఒక్కో ఛానల్‌కి సిగ్నల్ పట్టే రిసీవర్ ఒకటి, దాన్ని తీగలోకి ఎక్కించే మాడ్యులేటర్ ఒకటి కావాలి. అంటే ఛానల్ పెంచాలంటే డబ్బు పెట్టాలి. ఏది పెట్టాలి? ఇక్కడే విశాఖ సంగతి అర్థం చేసుకోవాలి. ఇది ఒక్క తెలుగు ఊరు కాదు. నేవీలో పంజాబీలు, మలయాళీలు, హర్యానా వాళ్లు. స్టీల్ ప్లాంటులో దేశమంతా. రైల్వేలో ఒడియావాళ్లు, బెంగాలీలు. వన్ టౌన్‌లో మార్వాడీ దుకాణాలు. కాబట్టి మా లైన్లో తెలుగు ఛానళ్లు రాకముందే తమిళం సన్, మలయాళం ఏషియానెట్ వచ్చేశాయి. అడిగినవాడి భాష పెట్టాం, ఎందుకంటే నెలకి అరవై రూపాయలు ఇచ్చేది వాడు. నా లెక్కలో భాషల వైవిధ్యం ఎక్కువగా ఉన్న కాలం 1990ల రెండో సగం. అది ఏ పాలసీ వల్లా రాలేదు, చందా కోసం వచ్చింది.

అయితే ఒక కిటుకుంది, పుస్తకాల్లో దొరకదు, ప్రాజెక్టులో రాసుకోండి. మేం వాడే పాత కోయాక్సియల్ కేబుల్ తీగలో పై ఫ్రీక్వెన్సీ సిగ్నల్ కింది ఫ్రీక్వెన్సీ దానికంటే త్వరగా బలహీనపడుతుంది. లైన్ పొడుగు పెరిగేకొద్దీ, యాంప్లిఫయర్లు పెరిగేకొద్దీ పై బ్యాండ్‌లో పెట్టిన ఛానళ్లకి చుక్కలు పడతాయి. పైగా పాత టీవీల్లో నాబ్ తిప్పితే పన్నెండే ఛానళ్లు. అందుకని కింది బ్యాండ్ అంటే రోడ్డు మీద షాపు, పై బ్యాండ్ అంటే సందు చివరి షాపు. పెద్ద ఛానళ్లు కింది బ్యాండ్ కోసం క్యారేజ్ ఫీజు అని డబ్బు కట్టేవి. ఆ డబ్బు చాలావరకు మాకు కాదు, మా పైనున్న పెద్ద ఆపరేటర్లకి వెళ్లేది. చిన్న భాషల ఛానళ్లు కట్టలేవు. వాటిని పైకి నెట్టేవాళ్లం.

2002లో ఈటీవీ ఒడియా వచ్చింది. క్వార్టర్స్‌లో ఒక ఒడియా పెద్దావిడ, పేరు అక్కర్లేదు, ఎంతో సంబరపడింది. నెల తిరక్కుండా ఫోన్. వెళ్తే టీవీ పెట్టి చూపించింది. తెర నిండా చుక్కలు. “చూడు బాబూ, మీ తెలుగు ఛానల్లో అందరూ నున్నగా ఉన్నారు. మా ఒడియా వాళ్లందరికీ అమ్మవారు పోసినట్టుంది” అంది, తెలుగులోనే. నవ్వాను గానీ ఏం చేయలేకపోయాను. ఆమె ఇల్లు లైన్ చివర. ఛానల్ ఉందా అంటే ఉంది. లెక్కలో వేస్తే ఒకటి పెరిగింది. చూడ్డానికి మాత్రం లేదు. తర్వాత ఒక కొత్త సినిమా ఛానల్ కోసం దాన్ని తీసేయమని పైనుంచి చెప్పారు, తీసేశాను. ఆ రోజు ఆమె ఫోన్ చేయలేదు. అదే నాకు ఇప్పటికీ గుర్తు.

ఇక తెలుగు. 1995లో ఫిబ్రవరిలో జెమిని, ఆగస్టులో ఈటీవీ. అక్కణ్ణుంచి పదేళ్లు తెలుగు టీవీకి నిజంగా మంచి పదేళ్లు అంటాను. ఈటీవీ వ్యవసాయ కార్యక్రమం అన్నదాతలో రైతే రైతుకి చెప్పడం మొదలుపెట్టాడు. 1996లో పాడుతా తీయగా వచ్చాక చిన్న ఊళ్ల పిల్లలు హార్మోనియం పట్టుకుని తెర మీదికి వచ్చారు. 2001 నవంబరులో అమృతం మొదలైతే అద్దె ఇల్లు, ఇంటి ఓనరు, నడవని హోటలు, ఇలాంటివాటి మీద కూడా ఏళ్ల తరబడి నవ్వచ్చని తెలిసింది. మంజులానాయుడు తీసిన చక్రవాకంలో ఇక్బాల్ అనే పాత్ర ఆడవాళ్లకి ఎంత దగ్గరైందంటే, బిల్లు వసూలుకి వెళ్తే గుమ్మంలోనే “ఇవాళ ఇక్బాల్‌ని ఏం చేస్తారో” అని నాతో చర్చ. రాత్రి సీరియల్లో ముస్లిం కుర్రాడు ఇంటివాడిలా కలిసిపోవడం చిన్న సంగతి కాదు.

తర్వాత ఇరుకైపోయింది. దానికి కారణం ఎవరి చెడ్డతనమూ కాదు, పని చేసే పద్ధతి. దూరదర్శన్‌లో సీరియల్ అంటే చాలావరకు వారానికొకటి, పదమూడు భాగాలకి అనుమతి. మూడు నెలలకి ఇంకో కథ, ఇంకో ఊరు, ఇంకో మనుషులు. ప్రైవేటు ఛానల్‌కి రోజుకో ఎపిసోడ్ కావాలి. మొగలిరేకులు 2008 నుంచి 2013 దాకా, కార్తీక దీపం 2017 నుంచి 2023 దాకా. ఒక సీరియల్ ఐదారేళ్లు నడిస్తే ఆ అరగంటలో ఇంకెవరి కథా రాదు. అన్నేళ్లలో దూరదర్శన్ లెక్కన ఇరవై కథలు పట్టేవి. పైగా రోజుకో ఎపిసోడ్ పూర్తి కావాలంటే బయట తిరిగి తీయలేరు. హైదరాబాద్ శివార్లలో ఒక పెద్ద ఇల్లు అద్దెకి తీసుకుంటే హాల్లోనే పెళ్లి, హాల్లోనే పోట్లాట, హాల్లోనే చావు. ఆ ఇల్లు మీకూ తెలుసు. మెట్లు రెండు వైపులనుంచి దిగుతాయి, సోఫా మీద ఎవరూ వెనక్కి వాలి కూర్చోరు, అత్తగారు పట్టుచీరతోనే నిద్రలేస్తుంది. మా కంచరపాలెంలో అలాంటి ఇల్లు ఒక్కటీ లేదు. మా రైల్వే క్వార్టర్లో మెట్లే లేవు.

దానికి తోడు డబ్బింగులు. రాధిక గారి పిన్ని తమిళం నుంచి వచ్చినా మనదే అనిపించింది, ఎందుకంటే ఆ ఇంట్లో మధ్యతరగతి బాధలున్నాయి. తర్వాత హిందీ డబ్బింగులు వరదలా వచ్చాయి. ఉత్తరాది కర్వాచౌత్ నోముకి జల్లెళ్లు పట్టుకుని తెలుగులో మాట్లాడే కోడళ్లు. మన టీవీ కళాకారులు రోడ్డెక్కి ధర్నాలు కూడా చేశారు. ఇది వైవిధ్యమే కదా అని మీరడగచ్చు. నేనైతే కాదంటాను. ఆదివారం మధ్యాహ్నం అస్సామీ సినిమాలో అస్సాం అస్సాంలా ఉండేది. డబ్బింగు సీరియల్లో గుజరాతూ కాదు, గుంటూరూ కాదు.

లెక్కలోకి ఎవర్ని తీసుకుంటున్నారు అన్నాను కదా, అదీ చెబుతాను. ఇళ్లల్లో ఏం చూస్తున్నారో లెక్కకట్టే రేటింగ్ మీటర్లు చాలాకాలం లక్ష జనాభా దాటిన పట్టణాల్లోనే ఉండేవి. పల్లె ఇళ్లు లెక్కలోకి వచ్చింది ఈ రేటింగులు ఇచ్చే బార్క్ సంస్థ 2015లో మొదలుపెట్టాకే. అంతదాకా పాడేరులో, భీమిలి పక్క పల్లెలో ఏం చూసినా చూడకపోయినా ఛానల్‌కి తెలీదు, ప్రకటన ఇచ్చేవాడికి అక్కర్లేదు. అరకు టీవీలో కనిపించేది ఎప్పుడు? పాట వెనక గిరిజనుల ధింసా నాట్యం ఆడేటప్పుడు. ఆ ఆడేవాళ్లకి ఒక్క డైలాగు ఉండదు.

యాస సంగతికొస్తే నాకు కొంచెం కోపం, ముందే చెబుతున్నా. తెలంగాణ ఉద్యమంతో పాటు ఆ యాస టీవీలోకి సగర్వంగా వచ్చింది. 2012లో వీ6 వార్తా ఛానల్ పెట్టాక తీన్మార్ వార్తలు చూసి మా వీధిలోనూ నవ్వుకున్నాం. వార్తలు ఇలా కూడా చదవచ్చా అని. 2020 బిగ్‌బాస్‌లోకి గంగవ్వ వెళ్లింది. జగిత్యాల జిల్లా పల్లె నుంచి, అరవైకి అటూఇటూ వయసులో, ఒక్క మాట మార్చుకోకుండా. బాగుంది. మరి మా ఉత్తరాంధ్ర యాస? సీరియల్లో పనిమనిషి, వాచ్‌మన్, లేదా కామెడీకి ఒక బావగాడు. “ఎల్లిపోనాడు, వచ్చీసినాడు” అనగానే వెనక డుయ్యిమని సౌండ్ వేస్తారు. శ్రీకాకుళం యాసలో కోర్టులో వాదించే లాయరమ్మని, ఆపరేషన్ చేసే డాక్టర్ని ఏ సీరియల్లో చూశారు? నిజజీవితంలో విశాఖ పెద్దాసుపత్రి కేజీహెచ్ వార్డులోకి వెళ్తే అదే యాసలో మాట్లాడే డాక్టర్లు బోలెడంతమంది.

మా యాస టీవీలో సీరియస్‌గా, వెనక సౌండ్ లేకుండా, నిమిషం పాటు వినిపించిన సందర్భాలు నేను లెక్కపెట్టగలను. అన్నీ ప్రమాదాలే. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను. 2020 మే 7న విశాఖ ఆర్.ఆర్. వెంకటాపురంలో గ్యాస్ లీకైన పొద్దున. మైకు పెడితే మా వాళ్లు ఏడుస్తూ చెప్పారు, దేశమంతా వింది. వారం తర్వాత మైకులు వెళ్లిపోయాయి, మళ్లీ వాచ్‌మన్ పాత్రలే మిగిలాయి. జానపదానికి మాత్రం ఒక మినహాయింపు ఇవ్వాలి. గోరటి వెంకన్న, సుద్దాల అశోక్ తేజ, వందేమాతరం శ్రీనివాస్ జడ్జీలుగా కూర్చున్న రేలా రే రేలా అనే పాటల కార్యక్రమంలో పొలం పాట పాడేవాళ్లని కూర్చోబెట్టి, ఏ ఊరు, ఏ పని చేస్తారు అని గౌరవంగా అడిగారు. అలాంటిది మళ్లీ రాలేదు.

రంగు, రూపం విషయంలో మార్పు వచ్చింది, అయితే ఎలా వచ్చిందో చూడండి. కార్తీక దీపంలో కథానాయిక నల్లగా ఉంటుంది, ఆ నలుపు మీదే కథ. మలయాళ సీరియల్‌కి రీమేక్. వంటలక్క అంటూ ఇల్లిల్లూ ఆమె వెంట నడిచింది. మా ఆవిడ కూడా. మా మేనకోడలు నల్లగా ఉంటుంది. ఆ రోజుల్లో చుట్టాలు దాన్ని చూసి “మన ఇంటి వంటలక్క” అనేవాళ్లు. అది ముద్దుగానే అన్నారు, ఆ పిల్ల కూడా ముద్దుగానే తీసుకుంది. తర్వాత ఎక్కడో ఫొటోల్లో తేలింది ఏంటంటే నటి అంత నల్లగా ఉండదు, మేకప్‌తో చామనఛాయ దాటించారు. ఆ పిల్ల ఫోన్ చూసి, “మావయ్యా, ఈవిడ కూడా కడుక్కుంటే పోతుందంట” అని నవ్వింది. ఆ నవ్వు నాకు నచ్చలేదు.

జబర్దస్త్ కామెడీ షో 2013లో మొదలైంది. అందులో మగవాళ్లు ఆడవేషం వేయడం రోజువారీ నవ్వు. ఆ వేషాలతోనే జనానికి తెలిసిన ఒక కళాకారిణి, ప్రియాంక సింగ్, 2021లో బిగ్‌బాస్ ఐదో సీజన్‌కి ట్రాన్స్‌జెండర్ మహిళగా వచ్చింది. నవ్వించడానికి వేసిన వేషం వెనక ఒక మనిషి ఉందని ఆ షో చూస్తే మా వీధి వాళ్లకి తెలిసింది. వ్యాపారం కోసమే తెచ్చి ఉండచ్చు. అయినా ఒప్పుకోవాలి, రియాలిటీ షోలు సీరియల్ కంటే ఎక్కువ రకాల మనుషుల్ని ఇంట్లోకి తెచ్చాయి.

డిజిటల్ సంగతి త్వరగా చెప్పేస్తాను. కేబుల్‌ని డిజిటల్‌కి మార్చాలని ప్రభుత్వం పెట్టిన రెండో విడత 38 నగరాల్లో విశాఖ ఉంది, గడువు 2013 మార్చి 31. సెట్‌టాప్ బాక్స్ వచ్చాక బ్యాండ్ గొడవ పోయింది. లైన్ చివరింటికి కూడా ఒడియా నున్నగా వచ్చింది. మా పెద్దావిడ అప్పటికే భువనేశ్వర్ వెళ్లిపోయింది. 2019లో టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ కొత్త నిబంధనతో వంద ఛానళ్లకి 130 రూపాయలు, పన్ను అదనం, డబ్బు కట్టి చూసే పే ఛానళ్లకి విడిగా. ఎవరికి కావాల్సింది వాళ్లు ఎంచుకోవచ్చన్నారు. ఎంచుకోవడం అంటే ఏంటో నేను గుమ్మాల్లో నిలబడి చూశాను. ఇంట్లో సంపాదించేవాడు పేపరు మీద టిక్కులు పెడతాడు. స్పోర్ట్స్, న్యూస్, నాలుగు తెలుగు పెద్దవి. కేరళ నుంచి వచ్చిన కోడలి ఛానల్‌కి టిక్కు పడదు. “ఫోన్‌లో చూసుకుంటుందిలెండి” అంటాడు. ఇప్పుడు ఆమె ఫోన్‌లో చూసుకుంటోంది, పిల్లలు యూట్యూబ్‌లో శ్రీకాకుళం యాస స్కిట్లు చూస్తున్నారు, హాల్లో టీవీలో రెండు వైపులా మెట్లున్న ఇల్లు నడుస్తోంది. వైవిధ్యం ఉంది. ఒకే గదిలో లేదు. పెదజాలారిపేట అరుగు మీద డెబ్బై మందికి ఒక్కటే బొమ్మ, అదీ పరాయి భాషలో. ఇక్కడ ముగ్గురికి మూడు బొమ్మలు, ఎవరి భాషలో వాళ్లకి. ఏది మంచిదో నన్ను అడిగితే రోజుకో జవాబు చెబుతాను.

ప్రాజెక్టుకి నా సలహా ఒక్కటే. ఛానళ్లు లెక్కపెట్టకండి. ఒక వారం రాత్రి ఏడు నుంచి పది దాకా నాలుగు పెద్ద ఛానళ్ల ముందు కూర్చుని, వంటింట్లో నేల మీద కూర్చుని అన్నం తిన్న పాత్రలెన్ని, సొంత ఊరి పేరు చెప్పిన పాత్రలెన్ని, యాస ఉండీ నవ్వులాటకి కానివాళ్లెంతమంది, ఇవి రాసుకోండి. మీ అమ్మమ్మగారిని కూడా పక్కన కూర్చోబెట్టుకోండి. మీకు కనబడనివి ఆవిడకి కనబడతాయి.

ఇంకోటి. 1996 నుంచి 2012 దాకా మా కంప్లైంట్ రిజిస్టర్లు దాచాను. తేదీ, ఇంటి నంబరు, ఏ ఛానల్ రావట్లేదు, ఎవరు ఫోన్ చేశారు, అన్నీ ఉన్నాయి. ఇంటి నంబర్లు బయట పెట్టనని మాటిస్తే వచ్చి చూసుకోవచ్చు. 2002, 2003వి మాత్రం హుద్‌హుద్‌కి రేకు లేచిపోయినప్పుడు తడిశాయి. సిరా అలికిపోయి ఛానల్ పేర్లు కొన్ని చదవడానికి రావు. భూతద్దం ఒకటి తెచ్చుకోండి.